ఎండెక్కినాది, టికెట్టు నేదు

నా గొంతు మీరు వినే ఉంటారు. శ్రీకాకుళం బస్సు కాంప్లెక్స్‌లో ఒక్కసారైనా నిలబడి ఉంటే దాన్నుంచి తప్పించుకునే వీల్లేదు. "ప్రయాణికులు దయచేసి గమనించండి" అని మొదలుపెట్టి, ఏ బస్సు ఎక్కడ ఆగిందో, ఏ బస్సు ఎందుకు రాలేదో, ఎవరి పర్సు ఎవరికి దొరికిందో చెప్పిన ఆ గొంతు నాది. మనిషిని చూసినవాళ్లు తక్కువ. చూసినవాళ్లేమో "ఓలమ్మ, ఇంత పొట్టి మనిసా!" అని నిరాశపడేవారు. మైకులో నేను చాలా పొడుగ్గా ఉంటాను మరి.

ఉద్యోగంలోంచి దిగిపోయినవాళ్లు జ్ఞాపకాలు రాస్తే తుఫాన్ల గురించీ, సమ్మెల గురించీ రాయాలని మా ఆయన అభిప్రాయం. అవీ చూశాను, కాదనను. కానీ కొత్తగా ఉద్యోగాల్లో చేరుతున్న పిల్లలు మీరు, మీకు చెప్పాలని కూచుంటే నాకు ముందు గుర్తొచ్చేది ఒక పాట. ఆ పాట మీద మా ఆఫీసులో ఎంక్వయిరీ జరిగింది. పాడినందుకు కాదు. పాటలో ఉన్నవన్నీ అక్షరాలా జరిగాయని మా ఆఫీసు నమ్మినందుకు. ఇప్పటికీ ఆ రోజు తలుచుకున్నానంటే పొయ్యి మీద కూర మాడాల్సిందే.

అందరి చేతుల్లోకీ చవగ్గా నెట్టు వచ్చిన కొత్త రోజులు. మా డిపోలో ఒక కాంట్రాక్టు కండక్టరమ్మాయి చేరింది. పాతపట్నం దగ్గర పల్లె. వాళ్ల ఊళ్లో కండక్టరు సీట్లో కూచున్న మొదటి ఆడపిల్ల. అంతకుముందు జీడిపప్పు ఫ్యాక్టరీలో గింజలు కొట్టేది. జీడి అంటి నల్లబడిన వేళ్లు ఖాకీ చొక్కా తొడిగాక కూడా చాన్నాళ్లు అలాగే ఉన్నాయి. ట్రిప్పుకీ ట్రిప్పుకీ మధ్య నా గదిలోకి వచ్చి ఫ్యాను కింద కూచునేది. నన్ను పిన్నీ అనేది. కుదురన్నది తెలియని పిల్ల. కూచుంటే కాళ్లు ఊపుతుంది, కాళ్లు ఊపొద్దంటే టికెట్టు మిషను మీద వేళ్లతో దరువేస్తుంది, అదీ వద్దంటే "మరి నాను సచ్చిపోనా పిన్నీ?" అంటుంది.

ఒకరోజు తన చెవిలోని ఇయర్‌ఫోను ఒకటి తీసి నా చెవిలో పెట్టింది.

"ఒకటి ఇనిపిస్తాను. తిట్టకు."

"పాటా?"

"పాటే. నానే సేసినాను. ఫోన్లోనే, బస్సులో కూకుని."

ముందు బస్సు తలుపు ధడేలుమని పడింది. వెంటనే వదులైన కిటికీ అద్దాల గలగల. దాని వెనక టికెట్టు మిషను కిర్రుమని కాగితం కక్కే చప్పుడు. ధడేల్, గలగల, కిర్రు. ధడేల్, గలగల, కిర్రు. ఇదేం పిచ్చిరా బాబూ అనుకుంటూ ఉండగా, దాని మీద హఠాత్తుగా నేను! "ద-ద-దయ. ద-ద-దయ. గమ గమ గమ గమనించండి." స్తంభానికున్న మైకులోంచి ఫోనులోకి పట్టిందట. ఇన్నేళ్లుగా ఒక్క అక్షరం తడబడకుండా కాపాడుకున్న నా గొంతుని కొత్తిమీర తరిగినట్టు తరిగి పెట్టింది.

"ఫోను పాడైపోనాదే" అన్నాను.

"పాడవనేదు పిన్నీ. పాటే అలగ ఉన్నాది."

"పల్లవేదీ?"

"ఉండదు."

"పోనీ రాగం?"

"అదీ ఉండదు."

"మరేటుంతాదే ఇందులో?"

"నానుంతాను" అంది. అన్నట్టే అప్పుడే తన గొంతు మొదలైంది. పాడటం కాదు, మాట్లాడటమూ కాదు. కిక్కిరిసిన బస్సులో వెనక నుంచి ముందుకి టికెట్లు కొట్టుకుంటూ వచ్చే కండక్టరు నడకలా, ఆగుతూ తోసుకుంటూ వస్తోంది మాట.

ఎండెక్కినాది, టికెట్టు నేదు
దుమ్మెక్కినాది, టికెట్టు నేదు
దాహం ఎక్కినాది, నా పక్కనే కూకున్నాది
ఏ స్టాపులో దిగుతావే అంటే
నువ్వు దిగిన కాడే అన్నాది

జరగండి జరగండి ఎనక్కి జరగండి
ముందరున్నోల్లు ముందరే ఉంతారు
ఎనకున్నోల్లు ఎక్కడికి జరగాల

మరో చోట విమానాశ్రయం కూడా వచ్చేసింది. విశాఖపట్నం ట్రిప్పుకి వెళ్తూ భోగాపురం దగ్గర విమానాశ్రయానికని పొలాల్లో పాతిన రాళ్లు చూసిందట. "ఇమానం వస్తాదంట, ఇస్త్రీ సొక్కాలు వస్తాయంట, మా సీటు కింద బొక్కకి రేకెప్పుడొస్తాదో" అని ఒక్క గుక్కలో అనేసి, గుక్క అయిపోయాక బుస్సున ఊపిరి పీల్చుకున్న చప్పుడు కూడా ఉంచేసింది. మైకు ముందు ఊపిరి వినపడకూడదని నాకు ఉద్యోగంలో చేరిన రోజే నేర్పారు. ఆ ముక్కే చెప్పాను.

"ఊపిరి తీసేస్తే మనిసి పోతాది కదా పిన్నీ" అంది.

అంతలో పాటలో టంగుమని గంట ఒక్కసారి కొట్టింది. బస్సు సంగతి తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను. కండక్టరు తాడు లాగి గంట ఒకసారి కొడితే ఆపమని, రెండుసార్లు కొడితే పొమ్మని. ఒకసారి కొట్టింది, అంతే, పాట ఆగిపోయింది. దరువు లేదు, మాట లేదు, నేనూ లేను. వైరు ఊడిందేమోనని చెవిలోది తీయబోయాను.

"ఆగు పిన్నీ, ఆగు."

ఆగాను. ఇంకా ఏమీ లేదు. ఇంకా లేదు. నాకు ఒంట్లో ఏదో తిక్కగా, కూచోలేనట్టుగా అయింది. అప్పుడు టంగు టంగుమని రెండు గంటలు. అన్నీ ఒక్కసారి మీదపడ్డాయి, అద్దాలు, మిషను, తలుపు, దయ దయ దయ. పాట అయిపోయింది.

"ఆ నడుమ ఏటే?"

"నడుమ ఏటీ నేదు. అదే ఉన్నాది" అని నవ్వేసి, బస్సుకి టైమైందని పరుగెత్తింది.

ఆ పిల్ల వెళ్లాక నేను మళ్లీ ఒకసారి విందామనుకున్నాను కానీ ఫోను తనతో పోయింది. సాయంత్రం దాకా నా కాలు దానంతటదే ఆడుతూనే ఉంది. ధడేల్, గలగల, కిర్రు.

ఆ పాట డ్రైవర్ల ఫోన్లలోకి వెళ్లింది. అక్కణ్ణుంచి కాలేజీ పిల్లలకి. తర్వాత ఎవరికి వెళ్లిందో దేవుడికే తెలియాలి. విచారణ కిటికీ దగ్గరికి కుర్రాళ్లు వచ్చి బస్సు టైము అడగడం మానేశారు. "మేడం, ఒక్కసారి గమనించండి అనండి మేడం" అని బతిమాలేవారు. నేను కసిరేదాన్ని. వాళ్లు వెళ్లాక నాలో నేనే అని చూసుకునేదాన్ని. టెక్కలి నుంచి వచ్చిన ఒక ముసలమ్మ కిటికీలోంచి నన్ను ఎగాదిగా చూసి, "నువ్వేనేటి తల్లీ దయ దయ? మా మనవడు పడుకున్నప్పుడు కూడా నిన్నే ఎట్టుకుంతాడు" అంది. ఈ వయసులో ఇంతకన్నా ఏం కావాలి చెప్పండి!

అంతా బాగుండగా మా మేనేజరు గారి ఇంట్లో భోజనాల వేళ వాళ్లబ్బాయి ఫోను మోగింది. "ద-ద-దయ. ద-ద-దయ." మేనేజరు గారు పప్పన్నం కలుపుతూ ఉలిక్కిపడి, "ఏ బస్సు లేటు?" అన్నారట.

మేనేజరు గారు చెడ్డమనిషి కాదు. ఎండాకాలం ప్లాట్‌ఫాం మీద మంచినీళ్ల కుండలు పెట్టించింది ఆయనే. ఆయన చేతిలో కూడా ఎప్పుడూ పెద్ద నీళ్ల సీసా ఉండేది. నీళ్లు బాగా తాగాలని ఎదురొచ్చినవాళ్లందరికీ చెప్పేవారు. ఆయనతో చిక్కు ఒక్కటే. కాగితం మీద ఉన్నది లోకంలో ఉందనీ, లోకంలో ఉన్నదల్లా కాగితం మీదికి రావాలనీ ఆయన గట్టి నమ్మకం. కొడుకు దగ్గర ఆ పాట మొత్తం రాయించుకున్నారు. రాశాక చదివారు. చదివాక మండిపడ్డారు.

మర్నాడు ఆ పిల్లకి మెమో వచ్చింది. సంస్థ ప్రకటనని అనుమతి లేకుండా వాడుకోవడం ఒకటి. టికెట్టు లేని ప్రయాణికులను ఎక్కించుకున్నట్టు స్వయంగా ఒప్పుకోవడం ఇంకోటి. అకారణంగా బస్సుని దారి మధ్యలో ఆపి, చాలాసేపు ఉంచేయడం మరోటి. కాంట్రాక్టు ఉద్యోగం కదా, ఒక్కటి రుజువైనా ఇంటికే.

కాగితం పట్టుకుని నా గదిలోకి వచ్చింది. కాళ్లు ఊపలేదు. దరువేయలేదు.

"తీసేత్తారా పిన్నీ?"

"పాటకెవరైనా తీసేత్తారటే?"

"ఇందుల పాటని నేదు పిన్నీ. నేరమని ఉన్నాది. మల్లీ జీడి గింజల కాడికేనా నాను?"

ఆ వేళ్లు చూశాను. అప్పుడప్పుడే నలుపు వదిలి మనిషి రంగులోకి వస్తున్నాయి. ఏం కాదులే అని గట్టిగా అన్నాను. నా గొంతు గట్టిగానే ఉంటుంది, దాన్ని నమ్మి ఊరుకోకండి.

ఎంక్వయిరీకి విజయనగరం నుంచి పెద్ద ఆఫీసరు వచ్చారు. కండక్టరుగా చేరి, పరీక్షలు రాసుకుంటూ పైకెళ్లిన మనిషని విన్నాం. తెల్లటి మీసం, నవ్వు అన్నది ఎరగని ముఖం. ఆ ముఖం చూడగానే నా ఆశలు సగం పోయాయి. మేనేజరు గారి గదిలో ఆయన, మేనేజరు గారు, ఆ పిల్ల, సాక్షులుగా నేనూ, ఆ పిల్లతో రోజూ పాతపట్నం వెళ్లే డ్రైవరూ. డ్రైవరు నాకంటే చిన్నవాడు, నన్ను అప్పా అంటాడు, మా వైపు అప్ప అంటే అక్క. ఆ పిల్లకి మావ. వరసకి కాదు, డ్యూటీకి. పొద్దుట్నుంచీ వరండాలో "నాను ఆపనేదండి, నాను ఆపనేదండి" అని గొణుక్కుంటూ తిరుగుతున్నాడు.

ఆఫీసరు కాగితం చదవడం మొదలుపెట్టారు. చదువుతూ చదువుతూ ఒక చోట ఆగి కళ్లద్దాల పైనుంచి చూశారు.

"ఎండ ఎవరు?"

మేనేజరు గారు లేచి నిలబడ్డారు. "మారుపేరు అయ్యుండొచ్చు సార్."

"దుమ్ము?"

"ఇద్దరూ ఒకే స్టాపులో ఎక్కినట్టుంది సార్."

నేను చీర కొంగు నోట్లో కుక్కుకున్నాను. డ్రైవరుకి దగ్గు వచ్చింది, అసలు దగ్గు కాదు. ఆఫీసరు ముఖంలో ఏ మార్పూ లేదు. ఆ పిల్లవైపు తిరిగారు.

"ఎండకి టికెట్టు ఎందుకు కొట్టలేదమ్మా?"

"రోజూ ఎక్కుతాది కదండి. పాసు ఉందనుకున్నానండి" అంది.

అంత భయంలోనూ నోరు ఊరుకోదు ఆ పిల్లకి. ఆఫీసరు మీసం చివర కొంచెం కదిలినట్టు నాకనిపించింది, కానీ ఆయన డ్రైవరు వైపు తిరిగిపోయారు. "గంట కొడితే ఎక్కడ ఆపావు?"

"నాను ఆపనేదండి! బండిలో కొడితే ఆపుతానండి. పాటలో కొడితే ఎలగ ఆపుతానండి?"

"పాటలో ఎక్కువసేపే ఆగిందట కదా."

"పాటలో నాకు డూటీ నేదండి."

ఆఫీసరు కాగితాలు మూసేశారు. ఇలా చదువుకుంటూ కూచుంటే లాభం లేదు, వినాలి అన్నారు. పాటలో వాడిన గొంతు నాదేనో కాదో కూడా పోల్చి చూడాలి కాబట్టి నా గదికే పోదాం అన్నారు. అందరం కిందికి దిగి నా గదిలోకి వచ్చాం. మేనేజరు గారు నీళ్ల సీసాతో సహా.

నా గది నాలుగువైపులా అద్దాలే. తలుపు మూస్తే బయట మైకుల్లో వచ్చే చప్పుడు లోపలికి వినపడదు. వినపడితే అదే మళ్లీ మైకులో పడి కీచుమంటుందని అలా కట్టారు. "ఏదమ్మా, అనండి" అన్నారు ఆఫీసరు. మైకు ముందు కూచోగానే నా వేలు దానంతటదే మీట నొక్కేస్తుంది, నేను నొక్కానని నాకు కూడా తెలియదు. "ప్రయాణికులు దయచేసి గమనించండి" అన్నాను. ఆయన తలాడించి, ఆ పిల్లతో "ఇక పెట్టమ్మా" అన్నారు. తను ఫోను తెచ్చి సరిగ్గా నా మైకు ముందు పెట్టింది.

ధడేల్, గలగల, కిర్రు.

ఆఫీసరు కళ్లు మూసుకుని వింటున్నారు. నేను అద్దంలోంచి బయటికి చూస్తున్నాను. పల్లీలమ్మే ఆవిడ పొట్లం కట్టేది ఆపి తలెత్తింది. బెంచీల మీదివాళ్లు ఒకరినొకరు చూసుకుంటున్నారు. కాలేజీ పిల్లలు నలుగురు ప్లాట్‌ఫాం మీద ఎగురుతున్నారు. వీళ్లకేమైందిరా అనుకుంటూ మైకు వైపు చూస్తే, దాని ఎర్రదీపం వెలుగుతోంది!

ఊళ్లో సగానికి వినపడే మైకులవి. గబుక్కున మీట మీదికి చెయ్యి చాపాను.

"ఆగండమ్మా, విననివ్వండి" అని ఆఫీసరు కళ్లు తెరవకుండానే నా చెయ్యి పట్టుకుని పక్కన పెట్టేశారు.

అప్పుడు పాటలో గంట ఒక్కసారి కొట్టింది.

మా డ్రైవరు కుడికాలు టక్కున నేలని తొక్కింది. "పాటలో ఎలగ ఆపుతానండి" అన్న మనిషి! వాడు సరే. బయట వెనక్కి వస్తున్న పాలకొండ బస్సు ఆగిపోయింది. మలుపు తిరుగుతున్న టెక్కలి బస్సు ఆగిపోయింది. దాని వెనకదీ, ఆ వెనకదీ. అప్పుడే గేట్లోకి వస్తున్న సోంపేట బస్సు సగం రోడ్డు మీదా సగం లోపలా ఉండిపోయింది. కండక్టర్లు తలుపుల్లోంచి తలలు బయటపెట్టి ఎవరు ఆపారని చూస్తున్నారు. కాంప్లెక్స్ మొత్తం అలా నిలబడిపోయింది.

గదిలో ఎవరూ కదల్లేదు. మేనేజరు గారు నోటి దాకా ఎత్తిన సీసా అక్కడే ఆగింది. ఇంకా ఏమీ లేదు. ఇంకా లేదు. ఆఫీసరు నుదుటి మీద చెమట. ఆయన కుడిచెయ్యి మెల్లగా పైకి లేచింది. తలపైన గాల్లో వేళ్లు తాడు కోసం వెతుకుతున్నాయి. తాడు లేదు. ఇక ఉండలేకపోయారు పాపం.

"రైట్! రైట్!" అని అరిచారు.

ఆ అరుపు శ్రీకాకుళం మీదికి వెళ్లింది. బస్సులన్నీ ఒక్కసారి కదిలాయి. పాలకొండ, టెక్కలి, సోంపేట అన్నీ హారన్లు కొట్టుకుంటూ బయల్దేరాయి. అంతా కదిలాక అప్పుడు తీరిగ్గా పాటలో రెండు గంటలు మోగాయి. డ్రైవరు గోడకి చేరబడి నవ్వుతున్నాడు. నేను బల్ల మీద తలపెట్టేశాను. ఆఫీసరు బయటికి చూశారు, ఎర్రదీపం చూశారు, గాల్లో ఉన్న తన చెయ్యి చూసుకున్నారు. ముందు మీసం వణికింది. తర్వాత బొజ్జ. ఆ తర్వాత ఆయన నవ్వుకి అద్దాలు కూడా గలగలలాడాయి. నేను మీట ఆపేశాను.

నవ్వు తగ్గాక కళ్లు తుడుచుకుని ఆ పిల్లని అడిగారు. "ఎందుకమ్మా అంతసేపు ఆపావు? ప్రాణం పోయిందనుకో."

ఆ పిల్ల నవ్వలేదు. తల వంచుకుని, ఈసారి వేళాకోళం లేకుండా చెప్పింది.

"పాటలో ఆగింది బస్సు కాదండి, నానండి. పాతపట్నంలో ఆడోల్లు ఎల్లడానికి సోటు నేదండి. ఇక్కడ పిన్ని గది ఎనకాల ఉన్నదొక్కటేనండి. ఇక్కడ బయల్దేరితే మల్లీ ఇక్కడికొచ్చేదాకా ఆపుకోవాలండి. అందుకే నీల్లు ముట్టనండి. ముట్టకపోతే మంట, జొరం. డాక్టరు నీల్లు తాగమంతాడు, మేనేజరు గారూ తాగమంతారు. తాగితే ఎక్కడికెల్లాలో ఎవురూ సెప్పరండి. పాటలో ఆ కాసింతసేపు తమరు ఉండలేకపోనారు. నాను రోజూ రెండు ట్రిప్పులు ఉంతానండి."

ట్రిప్పు దిగిన ఆడపిల్లలు నా గది వెనక్కి పరుగెత్తడం నేను రోజూ చూసేదాన్ని. బస్సు దిగితే పరుగెత్తడం ఆడకండక్టర్ల అలవాటనుకున్నాను. ఎంత తెలివితక్కువతనం! నాకు సిగ్గేసింది, ఏడుపొచ్చింది.

"పాతపట్నంలో ఉంది సార్" అన్నారు మేనేజరు గారు. "ఆడవాళ్లకి వేరేగా గది, రికార్డులో ఉంది."

"మీరు చూశారా?"

"రికార్డు చూశాను సార్."

ఆఫీసరు ఆ పిల్లని నీ బస్సు ఎప్పుడని అడిగారు. ఇప్పుడేనండి అంది. ఆయన మేనేజరు గారి చేతిలోని సీసా వైపు మర్యాదగా చెయ్యి చూపించారు. "అది పూర్తిగా తాగేయండి. తాగి, ఈ బస్సులో పాతపట్నం వెళ్లి, ఈ బస్సులోనే తిరిగి రండి. ఒక్కటే షరతు. ఈ అమ్మాయి వెళ్లలేని చోటికి మీరూ వెళ్లకూడదు. మీరొచ్చాక అడుగుతాను, బస్సు అకారణంగా ఆగిందో, కారణంతో ఆగిందో. అది విని ఆర్డరు రాస్తాను."

అంటే ఆ పిల్ల ఉద్యోగం ఇప్పుడు మేనేజరు గారి నోట్లో మాట మీద ఉంది. బస్సు కదిలింది. నేను మొక్కని దేవుడు లేడు.

ప్రయాణం సంగతి తర్వాత డ్రైవరు చెప్పాడు. "నర్సన్నపేట దాకా బానే ఉన్నారప్పా. కిటికీలోంచి పొలాలు కూడా సూసినారు. తరవాత కాలు మీద కాలేసినారు. తరవాత మూడో కాలుంటే అదీ ఏసుకునేవోరు. గొయ్యి వచ్చినప్పుడల్లా నా ఈపు మీద సెయ్యేసి, మెల్లగా బాబూ, మెల్లగా అన్నారు. నానేటి సేత్తాను, గోతులు నాను తవ్వినానా?"

పాతపట్నంలో దిగి, మేనేజరు గారు ఆడవాళ్ల గది వెతుక్కుంటూ వెళ్లారట. గది ఉంది. రికార్డు అబద్ధం చెప్పలేదు. తాళం తీయిస్తే లోపల నేల నుంచి కప్పు దాకా పాత టైర్లు. ఆయన టైర్ల వైపు చూసి, పక్కన మగవాళ్ల గోడ వైపు చూసి, అటు రెండడుగులు వేశారట. ఆ పిల్ల అలా నిలబడి చూసింది, అంతే. డ్రైవరే, "సార్, పాప ఎల్లలేని సోటుకి ఎల్లకూడదని ఆయన సెప్పినారు కదండి" అన్నాడు. మేనేజరు గారు వెనక్కి తిరిగి వచ్చి బస్సెక్కి కూచున్నారు. తిరుగు ప్రయాణంలో ఎవరో పెద్దాయన మంచినీళ్లు కావాలా బాబూ అనడిగితే చేతులెత్తి దండం పెట్టారట.

ఆఫీసరు నా గదిలోనే కూచుని ఎదురుచూస్తున్నారు. బస్సు కాంప్లెక్స్‌లోకి వచ్చింది. ఇంకా పూర్తిగా ఆగకుండానే మేనేజరు గారు దూకారు. ఆయన గది మేడ మీద, మెట్లెక్కే స్థితిలో ఆయన లేరు. ప్లాట్‌ఫాం మీద మూటలు దాటుకుంటూ, పల్లీల బుట్ట మీంచి గెంతుతూ నేరుగా నా గది వెనక్కి వచ్చేశారు. ఆడవాళ్లది సార్ అని ఎవరో అంటున్నారు, ఎవరు వింటారు! తలుపు మీద చెయ్యి వేశారు.

వేసి, వెనక్కి చూశారు. ఆ పిల్ల నాలుగడుగుల వెనక నిలబడి ఉంది. మెడలో టికెట్టు మిషను, పెదవులు బిగబట్టి. తనూ పొద్దుట్నుంచీ అలాగే ఉందని ఆయనకి అప్పుడు తోచినట్టుంది. ముఖం ఎర్రగా కందిపోయి, కళ్లలో నీళ్లు తిరుగుతున్న మనిషి, తలుపు మీంచి చెయ్యి తీసేశారు.

"ముందు నువ్వెళ్లమ్మా" అన్నారు.

ఆ పిల్ల లోపలికెళ్లింది. ఆయన నా కిటికీ ఊచలు రెండు చేతులా పట్టుకుని కళ్లు మూసుకున్నారు. నా పక్కన ఆఫీసరు జేబులోంచి పెన్ను తీసి, ఇంకేమీ అడగకుండా కాగితం మీద రాయడం మొదలుపెట్టారు. ఆ పిల్ల బయటికి వచ్చిన మరుక్షణం మేనేజరు గారు లోపలికి మాయమయ్యారు.

"నీ మీద ఆరోపణలు కొట్టేశాను" అన్నారు ఆఫీసరు. "నీ ఉద్యోగం నీది. ఎండా, దుమ్మూ, దాహం ప్రయాణికులు కారని రాశాను. ఆ గదిలో టైర్లు వారం రోజుల్లో తీయిస్తాం."

"వారం కాదు సార్!" తలుపు వెనక నుంచి మేనేజరు గారి అరుపు వినిపించింది. "ఇవాళే సార్! ఇవాళే!"

ఆ పిల్ల నా భుజం మీద తలపెట్టి నవ్విందో ఏడ్చిందో నాకు తెలియదు, నా జాకెట్టు మాత్రం తడిసింది. సాయంత్రం పాతపట్నం బస్సు ముందు సీట్లో ఇద్దరు మెకానిక్కులు కూచున్నారు, టైర్లు తేవడానికి. ఆ బస్సు గురించి మైకులో చెప్పాలని నేను మూడుసార్లు మొదలుపెట్టాను. దయచేసి అన్న దగ్గరే నవ్వొచ్చి ఆగిపోయాను. నా సర్వీసు మొత్తంలో నేను చెప్పకుండా బయల్దేరిన బస్సు అదొక్కటే.